పడవ లేని వేట
కోరంగి మడ ఏర్లలో కూలి జనం వేసవి

దాళ్వా కోతలు ముగిశాయి. కాలువలు కట్టేశారు. గోదావరి డెల్టాలో ఏప్రిల్ నెల సగం దాటిందంటే వ్యవసాయ కూలీకి పొలంలో చెయ్యడానికి పనేమీ వుండదు. ఆ కోతలైనా మునుపటిలాగా కొడవలికి దక్కడం లేదు. యంత్రం దిగి పది కుటుంబాల వారం రోజుల కూలిని ఒక్క పూటలో చుట్టబెట్టి పోతోంది. మళ్ళీ కాలువకు నీళ్ళు వదిలి నారుమళ్ళు తడిసేదాకా కూలి ఇంట్లో పొయ్యి దేనితో మండుతుంది? మెట్ట ప్రాంతం వాళ్ళయితే మూటా ముల్లె కట్టుకుని వలస పోతారు. కాకినాడకు దక్షిణంగా, కోరంగి, గాడేరు పాయల వెంబడి వున్న పల్లెల వాళ్ళు మాత్రం తెల్లవారుజామునే తట్టా, చట్టీ పట్టుకుని మడ అడవిలోకి దిగుతారు.

సరిగ్గా ఈ రోజుల్లోనే సముద్రం మీద వేట నిషేధం మొదలవుతుంది. తూర్పు తీరం పొడవునా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ, 61 రోజులు. చేపలూ, రొయ్యలూ గుడ్లు పెట్టి పిల్ల చేసే కాలమని ఆ నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులుండేది. నిషేధం ఇంజను పడవలకు. తెడ్డు వేసే నాటు పడవకు లేదు. అసలు పడవే లేకుండా మోకాటి లోతు బురదలో కాలినడకన వేటాడే మనిషి సంగతి ఆ ఉత్తర్వుల్లో ఏ మూలా లేదు. నిషేధమూ లేదు, సాయమూ లేదు. ఈ వ్యాసం వాళ్ళ గురించే.

వీళ్ళు మనకు పరాయివాళ్ళు కారు. జనవరిలో ఊడుపులకు వంగిన నడుమే ఏప్రిల్‌లో ఏట్లో వంగుతోంది. కానీ ఒక మాట దాచకుండా ఒప్పుకోవాలి. చాలాకాలం మేమూ, మా సంఘమూ ఏటి విషయం మనది కాదనుకున్నాం. "అది పల్లెకారుల గొడవ, మత్స్యకార సంఘాలు చూసుకుంటాయి" అని వదిలేశాం. కూలి రేటు గురించీ, ఇళ్ళ స్థలాల గురించీ మీటింగులు పెట్టి, వేసవిలో మీటింగుకు జనం ఎందుకు రావడం లేదో ఆలోచించలేదు. జనం ఏట్లో వున్నారు! అది తెలుసుకోవడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది. తెలిశాక ఈ వేసవిలో కొన్నాళ్ళు వాళ్ళతోపాటే పోటూ పాటూ చూస్తూ గడిపాం.

ఏటికి పోనివాళ్ళ కోసం ముందు అక్కడి నీళ్ళ సంగతి చెప్పాలి. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ముందు ఎడమవైపుకు కోరంగి, గాడేరు అనే పాయలు చీలుతుంది. అవి మళ్ళీ వందలాది చిన్న ఏర్లుగా, చేతివేళ్ళలా, మడ చెట్ల మధ్యకు చొచ్చుకుపోతాయి. కాకినాడ అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ అనే ఇసుక తిప్ప వుంది. అది పుట్టి రెండు వందల ఏళ్ళే అవుతుందంటారు. ఆ తిప్ప అలల్ని ఆపుతుంది గనక లోపల బురద నిలిచింది, బురద మీద మడ నిలిచింది. తెల్లమడ, నల్లమడ, పొన్న, కళింగ, తిల్ల, ఒక్కొక్క చెట్టుదీ ఒక్కొక్క తీరు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ అడవిలో 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు భాగాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

వానాకాలంలో వరద నీరు దిగి ఈ ఏర్లన్నీ తియ్యబడతాయి. వేసవిలో ధవళేశ్వరం దగ్గర వున్న నీటినంతా ఆనకట్ట పట్టేస్తుంది గనక కిందికి చుక్క రాదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇదే వరస. ఆ నీరే మన దాళ్వా వరికి ప్రాణం. ఆ నీరు రాకనే మడ చెట్టు వేసవిలో దప్పికతో గిడసబారుతుంది. ఒకే నీటి మీద బతికే రెండు బతుకులివి, ఒకదాని సంగతి రెండోదానికి తెలియదు. ఏరు అడుగంటా ఉప్పెక్కినప్పుడు సముద్రపు చేప లోపలికి వస్తుంది. బొంతలు గుంపులు గుంపులుగా పోటు నీటితో వచ్చి మడ వేళ్ళ మధ్య నాచు మేస్తాయి. వాటి వెనకే వాటిని మింగడానికి పండుగప్ప వస్తుంది. రాలిన మడాకు కుళ్ళి బురదలో కలిసి రొయ్యపిల్లకు మేతవుతుంది. నీడా, మేతా రెండూ దొరికే చోటు గనక పిల్ల చేపలకు ఇది పురిటిల్లు లాంటిది. సముద్రంలో పెద్ద బోటు పట్టే రొయ్యల్లో చాలా రకాలు చిన్నప్పుడు ఇలాంటి ఏట్లో పెరిగి పోయినవే.

పనికి వేళ చెప్పేది పోటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ వచ్చిన వేళకు రేపు రాదు, రెండు గడియలు, అంటే సుమారు యాభై నిమిషాలు, వెనక్కి జరుగుతుంది. అమావాస్యకూ, పున్నానికీ నీరు నిలువునా నాలుగైదు అడుగులు ఎక్కి దిగుతుంది. అప్పుడు పాటుకు ఏరు అడుగు కనబడేంత తీస్తుంది, చేతివేటకు అదే మంచి అదను. అష్టమి రోజుల్లో నీరు ఎక్కీ ఎక్కనట్టు, తీసీ తియ్యనట్టు వుంటుంది. ఆ నాలుగు రోజులూ చేతివేటగాళ్ళకు పస్తులు. పొలంలో మేస్త్రీని బతిమాలుకోవచ్చు, తిట్టుకోవచ్చు. ఈ మేస్త్రీ ఎవరి మాటా వినడు. ఒకనాడు తెల్లవారుజామున మూడింటికి లేపితే, వారం తర్వాత నడినెత్తిన ఎండలో దింపుతాడు.

ఎండ సంగతి చెప్పుకుందాం. మేలో పదకొండు దాటాక ఏటి నీరు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. వెచ్చబడిన నీటిలో చేపకు గాలి చాలదు, మడుగుల్లోకి, చెట్ల నీడకూ పోయి కదలకుండా పడుకుంటుంది. గేలానికి ఎర వేసినా ముట్టదు. తెల్లవారుజామునా, మాపటేళా, అందులోనూ నీరు మళ్ళే వేళ మేతకు బయల్దేరుతుంది. పోటు మొదలైన తొలి గడియా, పాటు మొదలైన తొలి గడియా బంగారమని ముసలివాళ్ళు అంటారు. విసురువల వేసేవాళ్ళు చిన్న ఏరు పెద్ద ఏట్లో కలిసే మూల దగ్గర మాటు వేస్తారు. పాటుకు నీటితోపాటు దిగే చేప ఆ మూల దాటి పోవాలిగదా.

పండుగప్ప గురించి ఒక వింత చెప్పారు, తర్వాత చదివి తెలుసుకున్నా నిజమే అని తేలింది. ఈ చేప మొదట మగదిగా పెరిగి, మూడు నాలుగేళ్ళ తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే మార్కెట్లో గొప్పగా అమ్ముడుపోయే ఏడెనిమిది కిలోల పండుగప్ప దాదాపు ప్రతిదీ ఆడదే, గుడ్డు పెట్టేదే. వేసవి చివర మొగ వైపు గుడ్లకు దిగేదీ అదే. "పెద్దది పడితే పండగే అన్నా, కానీ అది పోతే పిల్లెక్కడిది?" అని వల బాగుచేసుకుంటూ ఒక కుర్రవాడు మాతో అన్నాడు. ఆ పూట అతని వలలో పడింది మాత్రం జెల్లలే.

ఇక ఆడవాళ్ళ వేట. దీన్ని చూడకుండా ఎవరూ ఏటి గురించి రాయకూడదు. పాటు సగం తీసేసరికి పది పదిహేనుమంది ఆడవాళ్ళు చీర గోచీ పోసి, నడుముకు తాడుతో చట్టి కట్టుకుని ఏట్లోకి దిగుతారు. చట్టి వెనక తేలుతూ వస్తుంది. నీటిలో కూర్చున్నట్టుగా, మెడలోతున, మోకాళ్ళ మీద పాకుతూ రెండు చేతులూ బురద మీద ఆడిస్తూ పోతారు. వేలికి రొయ్య తగిలితే ఒడిసి పట్టి చట్టిలో వెయ్యాలి. చూపుతో పని లేదు, అంతా వేళ్ళే. నాలుగైదు గంటలు అలా పాకుతారు. వరసలో మధ్యనున్న అక్క ఒకామె మాతో మాట్లాడుతూనే చెయ్యి పైకెత్తి చూపించింది. వేళ్ళ కొసలు నాని తెల్లగా ముడతలు పడి, ఆల్చిప్పలు గీరిన గాట్లలో ఉప్పు నీరు దిగి, ఆ చెయ్యి అరవయ్యేళ్ళ దానిలా వుంది. ఆమెకు నలభై దాటలేదు.

"ఊడుపులకీ దీనికీ తేడా ఏంటక్కా?" అని అడిగాం.

"ఊడుపుల్లో బురద సల్లగా వుంటాది తమ్ముడూ. సాయంత్రానికి ఇంత అని కూలుంటాది. ఇక్కడ దొరికితే దొరికినట్టు, లేకపోతే ఉత్త చట్టి. కానీ ఎవడూ గట్టు మీద నించుని అరవడు" అంది. ఆఖరి మాటకు వరసంతా నవ్వింది.

టేకు ముల్లు తగిలితే రెండు రోజులు లేవలేరు. టేకు బురదలో పొట్ట ఆనించి పడుకుంటుంది, తొక్కితే తోకతో కొడుతుంది. అందుకే అడుగు ఎత్తి వెయ్యరు, ఈడ్చి వేస్తారు. కాలు ఈడిస్తే అది అదిరి తప్పుకుంటుంది. ముల్లు గుచ్చుకుంటే పెద్దవాళ్ళు ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టిస్తారు. అది నాటువైద్యం అని తీసిపారెయ్యకండి, డాక్టర్లు చెప్పే మొదటి చికిత్స కూడా అదే. ఆ తర్వాత ఆసుపత్రికి పోవాలి. ముల్లు ముక్క లోపల విరిగి వుండిపోతే కాలు చీము పడుతుంది. కానీ పాటు వదులుకుని ఆసుపత్రికి పోయేదెవరు? వడదెబ్బ ఇంకొకటి. మెడదాకా నీళ్ళలో వున్నా నెత్తి మీద ఎండ ఎండే. చుట్టూ నీరున్నా తాగేందుకు గుక్కెడు లేదు, ఇంటి నుంచి మోసుకుపోవాల్సిందే.

మగవాళ్ళలో పడవ లేనివాళ్ళది ఎక్కువగా పీతల పని. మండపీత మడ వేళ్ళ కింద బొరియ చేసుకుని వుంటుంది. కొస వంచిన ఇనుప చువ్వను బొరియలోకి పంపి, పీత చువ్వను కరిచిన పట్టు చూసి మెల్లగా లాగుతారు. పెద్ద డెక్క వేలు విరిచేయగలదు, అందుకని బయటికి వచ్చీ రాగానే కాలితో అదిమి డెక్కలు రెండూ తాడుతో బిగిస్తారు. బతికున్న పీతకే ధర. సింగపూరు, చైనా దాకా బతికుండగానే విమానంలో పోతుందది. మనిషి విమానం ఎక్కకపోయినా అతను పట్టిన పీత ఎక్కుతుంది! వేసవిలో దాన్ని కాటా దాకా బతికించడం ఒక విద్య. నీళ్ళ బకెట్లో వేస్తే నీరు వేడెక్కి చస్తుంది. తడిపిన గోనెసంచిలో నీడన పెడితే రోజంతా నిక్షేపంగా వుంటుంది.

కాటా దగ్గరకు వచ్చేసరికి ఆ విద్య అంతా వ్యాపారి పాలవుతుంది. ముందు పీతను తిరగేసి పొట్ట దగ్గర బొటనవేలితో నొక్కుతాడు. మెత్తగా వుంటే "నీళ్ళ పీత" అని పక్కన పడేస్తాడు. ఈ మధ్యనే పొట్టు విడిచి కండ పట్టనిది అలా వుంటుంది, అది నిజమే. కానీ నొక్కే వేలు అతనిది, తీర్పూ అతనిదే. డెక్క ఒకటి లేకపోతే సగం ధర. తాడు బరువనీ, బురద బరువనీ కిలోకు ఇంత తరుగు. ఆపైన పోయిన వానాకాలంలో ఇచ్చిన అడ్వాన్సు. ఆ అడ్వాన్సు తీసుకున్నవాడు పీతను ఇంకో కాటాకు తీసుకుపోకూడదు. మేము కూర్చున్న పూట ఒక బాబాయి నాలుగు పీతలు తెచ్చాడు. రెండు నీళ్ళవి అన్నారు, ఒకదానికి డెక్క లేదన్నారు. చేతిలో పడిన డబ్బు చూసి, ఆయన ఏమీ అనకుండా గోనెసంచి దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన పోయిన పది నిమిషాలకు ఆ "నీళ్ళ పీతలు" రెండూ మంచివాటి బుట్టలోకి చేరడం మేము కళ్ళారా చూశాం. ధాన్యం కొలత దగ్గర తేమ పేరు చెప్పి బస్తాకు ఇంత కోసేవాణ్ణి చూసిన మనకు ఈ బొటనవేలు కొత్తదేమీ కాదు.

ఇంతకీ ఇంతమంది కూలి జనం ఏటిమీద ఎప్పుడు పడ్డారు? ముసలివాళ్ళ లెక్క ప్రకారం వేసవిలో నాలుగు చేపలకు ఏటికి పోవడం తాతలనాటిదే, కూరకోసం. అమ్మకం కోసం పోవడం రొయ్యల చెరువుల తర్వాత. దీనికి కారణం వెతుక్కోనక్కర లేదు. ఎకరం వరి చేలో ఊడుపు, కలుపు, కోత, నూర్పు అంటూ ఆడా మగా పదిసార్లు దిగేవాళ్ళు. అదే ఎకరం చెరువయ్యాక గట్టుమీద ఒక కాపలా మనిషి, మేత చల్లేవాడొకడు, పట్టుబడి రోజున నలుగురు. చెరువుల చుట్టుపక్కల చేలు ఉప్పెక్కి ఇష్టం లేని రైతు కూడా చెరువు తవ్వక తప్పలేదు. పని పోయిన చేతులు ఏట్లో దిగాయి.

మా చిన్నప్పుడు మేమూ ఆ ఏట్లో టైగర్ పిల్ల పట్టినవాళ్ళమే. అప్పటికి పిల్ల తయారుచేసే హేచరీలు చాలినన్ని లేవు. చెరువులకు కావలసిన పిల్లను ఏట్లోంచే దోమతెర లాంటి వలతో దేవి, తెల్ల పళ్ళెంలో పోసి, సన్నటి నల్ల గీత లాంటి టైగర్ పిల్లను చిప్పతో ఏరేవాళ్ళం. లెక్క పిల్లకు ఇన్ని పైసలని. మిగిలిందంతా, అంటే బొంత పిల్ల, పండుగప్ప పిల్ల, పీత పిల్ల, ఇంకా పేరు తెలియనివన్నీ, గట్టు ఇసుక మీద పారబోసేవాళ్ళం. ఒక టైగర్ పిల్ల కోసం ఎన్ని చంపామో లెక్కలేదు. మాకు తెలియదు. తెలిసినా ఆ పైసలు వదులుకునే స్థితి లేదు. తెలిసినవాళ్ళు, అంటే కొన్నవాళ్ళు, ఆపలేదు. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు దెబ్బతిన్నాయి, తర్వాత హేచరీలు పెరిగి ఏటి పిల్లకు గిరాకీ పోయింది.

1996 మాత్రం ఈ పల్లెల్లో ఎవరూ మరిచిపోరు. నవంబర్ 6 రాత్రి తుఫాను కాకినాడకు దిగువన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. నీటి మీదకు వేటకు పోయినవాళ్ళలో ఎందరో తిరిగి రాలేదు. మడ అడ్డంగా వున్న ఊళ్ళు మడ నరికేసిన ఊళ్ళకన్నా తక్కువ దెబ్బతిన్నాయని ఆ తెల్లవారి జనం తమకు తామే లెక్క వేసుకున్నారు. ఆ తర్వాతే స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళూ, అటవీశాఖా, ఊరి జనమూ కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు ఎండిన నేలకు మళ్ళించి మడ నాటారు. ఆ కాలువలు తవ్వింది కూడా కూలి జనమే. ఇప్పుడు ఆ కాలువల్లో పిల్ల చేప ఆడుతోంది.

అదే ఏడాది డిసెంబర్ 11న సుప్రీంకోర్టు జగన్నాథన్ కేసులో తీర్పు ఇచ్చింది. తీరానికి 500 మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమ వుండరాదు, తీసెయ్యాలి అంది. అందులో మన సంఘాల్లో కూడా చాలామందికి తెలియని ఒక మాట వుంది. మూతపడే చెరువుల్లో కనీసం ఏడాదిపాటు పనిచేసిన కార్మికులకు రిట్రెంచ్‌మెంట్ పరిహారంతోపాటు, అదనంగా ఆరేళ్ళ జీతం ఇవ్వాలని! సమీక్ష పిటిషన్లు పడి అమలు ఆగింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి చెరువులను నిలబెట్టింది. 2023 సవరణ వాటికి మరింత దారి వేసింది. ఆరేళ్ళ జీతం మాటను పైకెత్తినవారు మాకు కనబడలేదు. చెరువు వుండాలా వద్దా అన్న వాదనలో ఇరుపక్షాలకూ వకీళ్ళున్నారు, గట్టు మీది కాపలావాడికి లేడు.

ఇప్పుడు ఈ వేసవిలో జరిగిన తగాదా చెప్పాలి. ఒక చిన్న ఏరుంది. దాని మొదట్లో నాటు పడవల పల్లెకారులు పున్నం పోటుకు ఈ గట్టునుంచి ఆ గట్టుకు గుంజలు పాతి వల కట్టారు. పోటు నిండాక వల ఎత్తి బిగిస్తే, పాటుకు దిగే చేపంతా అందులోనే. ఇది పాత పద్ధతే. కానీ ఆ ఏటి పైభాగంలో పేట ఆడవాళ్ళు చేతివేటకు దిగుతారు. రెండు రోజులు వరసగా ఉత్త చట్టితో పోయారు. మూడోనాడు పేట కుర్రాళ్ళు ఇద్దరు వల తాళ్ళు కోసేశారు. వల ఖరీదు పడవలవాళ్ళకు తక్కువది కాదు, అది కూడా అప్పుతో కొన్నదే. సాయంత్రానికి పల్లెకారుల వైపునుంచి తెడ్లూ, పేటనుంచి కర్రలూ బయటికి వచ్చాయి. కులం పేరు పెట్టి తిట్టుకోవడం దాకా పోయింది. ఇక అక్కడినుంచి కేసులూ, పోలీసులూ, ఇరువైపులా పెద్దమనుషులూ... ఆ దారి ఎక్కడికి పోతుందో మనకు తెలుసు.

మేము పెద్ద మేధావితనం ఏమీ చూపలేదు. వల తాళ్ళు కోసినవాళ్ళది తప్పు అని పేటలోనే నిలబడి చెప్పాం. అది చెప్పకుండా పల్లెకారుల గుమ్మం ఎక్కే మొహం మాకు లేదు. తర్వాత పల్లెకారుల పెద్దతో, "మావయ్యా, సముద్రంలో పెద్దబోటు మీ వలల మీదుగా పోయినప్పుడు మీరు ఏం అడిగారు? ఎనిమిది కిలోమీటర్ల లోపలికి రాకూడదని చట్టం వుందిగదా అని అడిగారు. ఏట్లో మీరే పెద్దబోటు అయిపోతే ఎలాగండి?" అన్నాం. ఆయన చాలాసేపు చుట్ట కాల్చాడు. రాత్రి రెండు వైపులా కూర్చుని తేల్చుకున్నారు. ఏరు అడ్డంగా పూర్తిగా కట్టరు, మూడోవంతు తెరిచి వుంచుతారు. అమావాస్యకూ, పున్నానికీ ముందూ వెనకా రెండేసి రోజులు పై ఏరు ఆడవాళ్ళది. తాళ్ళు కోసిన కుర్రాళ్ళు వల అల్లడానికి మూడు రోజులు కూర్చోవాలి. ఇంకో మాట కూడా ఆ రాత్రే వచ్చింది. ఏట్లో పురుగుమందు పోసి రొయ్య పట్టేవాళ్ళు రెండు వైపులా వున్నారు. మందు పోస్తే పిల్లతో సహా ఏరంతా చస్తుంది, తిన్నవాడికీ ముప్పే. ఆ పని చేసింది ఎవరైనా సరే ఊరు వెనకేసుకు రాకూడదన్నారు. మాట నిలుస్తుందా అంటే ఏమో, ఇప్పటికి రెండు పున్నాలు నిలిచింది.

వాళ్ళిద్దరూ ఏటి మూల దగ్గర కొట్టుకుంటుంటే, అదే ఏట్లోకి చెరువుల మురుగు నీరు తూము గుండా నల్లగా దిగుతూ వుంది. పట్టుబడి అయిన రోజున ఆ తూము దగ్గర చేప తేలుతుంది. చెరువు గట్లు పొడిగించి, కంచె వేసి, ఏటికి పోయే నడకదారి మూసినచోట ఆడవాళ్ళు మైలు చుట్టు తిరిగి పోతున్నారు. ఆ యజమానిది ఏ కులమని ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే ఆయన ఆ ఊళ్ళో వుండడు.

హక్కుల విషయానికి వస్తే, అడవిలో చేపకు కూడా చట్టం వుంది. 2006 అటవీహక్కుల చట్టం, మూడో సెక్షన్, నీటి వనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తించింది. అభయారణ్యమైనా ఆ చట్టం వర్తిస్తుంది. గిరిజనేతరులయితే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళుగా అక్కడే వుండి, ఆ అడవి మీదే బతుకుతున్నట్టు చూపాలి. అది తేలిక కాదు. కూలికి వేసవి వేటే బతుకుతెరువు అని రుజువు చెయ్యడం ఇంకా కష్టం. అయినా గ్రామసభలో దరఖాస్తు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముసలివాళ్ళు బతికుండగానే వాళ్ళ వాంగ్మూలాలు రాయించడం మన పని.

నిషేధ కాలపు సాయం మాట. అది మునుపు 4 వేలుండేది, 2019లో మత్స్యకార భరోసా పేరుతో 10 వేలయింది, 2025లో 20 వేలు ఇచ్చారు. పల్లెకారులు పోరాడి సాధించుకున్నది, దాన్ని తగ్గించమని ఎవరూ అనరు. కానీ ఆ లెక్క పడవ దగ్గర మొదలవుతుంది. పడవకు నంబరు, నంబరు మీద ఇంతమంది. పడవ లేని వేటకు నంబరెక్కడిది? ఈ అడవిలో బావురుపిల్లి కదలికలు కనిపెట్టడానికి చెట్లకు కెమెరాలు కట్టి లెక్కపెట్టారు. పెట్టాల్సిందే, అదీ ఈ ఏటి చేప తిని బతికే జీవే. మేము కూర్చున్న ఆ గట్టు మీద మాత్రం, చేత్తో చేప పట్టే మనిషిని లెక్కపెట్టడానికి ఇన్నేళ్ళలో ఒక్కరూ రాలేదన్నారు.

అందుకని మేమే ఒక నోటుబుక్కు తీసుకుని గట్టు మీద కూర్చున్నాం. పేరు, వయసు, ఊరు, ఎన్నేళ్ళ నుంచి ఏటికి పోతున్నారు, ఏ నెలల్లో పోతారు. అంతవరకూ చకచకా నడిచింది. "వృత్తి" అన్న గడి దగ్గర ఆగిపోయాం. "కూలి అని రాయండి" అంది ఒకామె. "కూలని రాస్తే చేపలాఫీసోడు చూడడు, వేట అని రాయాల" అంది పక్కామె. "వేటని రాస్తే పొలం పనుల లిస్టులోంచి కొట్టేస్తారేమో" అని మూడో ఆమె. రెండూ రాద్దామన్నాం. గడి ఒకటే వుంది, అందులో రెండు రాస్తే ఆఫీసులో ఒప్పుకుంటారా అని వాళ్ళే మమ్మల్ని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. అప్పటికే ఏట్లో నీరు మళ్ళింది. నడుముకు చట్టి కట్టుకుంటూ, "రాత్రికి ఇంటికి రండి తమ్ముడూ, అప్పుడు రాద్దాం" అంటూ ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగిపోయారు.